తోలు వాచరు

మెదక్ జిల్లాలో అల్లాదుర్గ్ అను ఊరు కలదు. సంగారెడ్డి నుండి జోగిపేట మీదుగా నాందేడునకు పోవు రహదారికి అది చేరువలో నున్నది. బేతాళస్వామి గుడి వలన చుట్టుపట్ల పల్లెలవారికి ఆ ఊరు చిరపరిచితము. సుమారు ముప్పది యేండ్ల క్రిందట, ఆ ఊరికి కొలది దూరముననున్న ఒక చిన్న పల్లెలో నేను తెలుగు పండితుడుగా పని చేయుచుంటిని. పిమ్మట ప్రధానోపాధ్యాయుడనై, పెక్కు గ్రామములు తిరిగి, ఉద్యోగము విరమించితిని. ఇన్నేండ్లలో నేను విద్యార్థులకు చెప్పిన పాఠములు లెక్కకు మించినవి. నేను నేర్చుకొన్న పాఠములలో నొకదానిని మాత్రము ఇచట చెప్పదలచితిని. దానిని నాకు నేర్పినది అరచేతిలో ఇముడు ఒక తోలు ముక్క.

మా పాఠశాల యెదుట వేపచెట్టు క్రింద ఒక చేతిపంపు ఉండెడిది. మా ప్రాంతమున దానిని ‘బోరింగు’ అందురు. ఇంటింట నల్లాలు లేని ఆ దినములలో సగము ఊరికి అదియే త్రాగునీటి ఆధారము. తెల్లవారకమునుపే దాని చుట్టును బిందెలు బారులు తీరెడివి. పిడిని ఎత్తి దింపునపుడు లోని గొలుసు చేయు చప్పుడుతోనే ఆ పల్లె మేల్కొనెడిది.

ఆ పంపునకు ఇండియా మార్క్ 2 అని పేరు. దాని పుట్టుక వెనుక ఒక కథ కలదు. 1960 దశకము చివరను, 1970 దశకమునను మన దేశమున కరవు ప్రాంతములలో బోరుబావులు విరివిగా త్రవ్వబడినవి. వానిపై మొదట నిలిపిన పోత యినుప పంపులు ఒక కుటుంబము వాడుకొనుటకు తగినవే గాని, ఊరంతయు ఉదయము మొదలు రాత్రి వరకు కొట్టుటకు తగినవి కావు. అవి త్వరలోనే చెడి మూలబడినవి. అప్పుడు షోలాపూరు ప్రాంతమున వాడుకలోనున్న ఒక ఉక్కు పంపును ఆధారముగా గొని, యునిసెఫ్ సంస్థయు, మద్రాసులోని ఇంజనీర్లును కలిసి ఈ క్రొత్త పంపును రూపొందించిరి. కోయంబత్తూరు ప్రాంతమున దానిని పరీక్షించిరి. 1979లో దానికి భారత ప్రమాణము నిర్ణయింపబడెను. తరువాత అది మన పల్లెలందే గాక ఆఫ్రికా దేశములందును దాహము తీర్చినది. ఇంత దృఢమైన యంత్రమునందును తప్పక అరిగిపోవు భాగమొకటి కలదను సంగతి నాకప్పుడు తెలియదు.

ఆ సంవత్సరము ఆరవ తరగతిలో ఒక బాలిక ఉండెను. చదువునందు చురుకైనది. పద్యము నొకసారి వినిన చాలు, మరునాడు తడబడక అప్పగించెడిది. ఆమె తల్లిదండ్రులు వేకువనే కూలికి పోవుదురు. ఇంటికి కావలసిన నాలుగు బిందెల నీరు తెచ్చుట ఆమె వంతు. సంక్రాంతి సెలవుల తరువాత ఆమె బడికి ఆలస్యముగా రాసాగెను. మొదట పావుగంట, పిదప అరగంట, కొన్ని దినములకు మొదటి పాఠము ముగిసిన పిమ్మట వచ్చెను.

ఒకనాడు గుమ్మము వద్దనే నిలిపి కారణమడిగితిని. ఆమె తల వంచుకొని, “బోరింగు కాడ ఆలస్యమైంది, సారూ” అనెను.

“నిన్నటివరకు లేని ఆలస్యము నేడు ఎట్లు వచ్చినది? బోరింగు నీ ఒక్కదానికే ఆలస్యము చేయుచున్నదా?” అని నేను గద్దించితిని. తరగతిలోని పిల్లలు నవ్విరి. ఆమె మరి మాటాడలేదు. ఆ గంట ముగియువరకు ఆమెను వెలుపలనే నిలిపితిని. మరునాడు తండ్రిని వెంటబెట్టుకొని రమ్మని చెప్పితిని. మరునాడు తండ్రియు రాలేదు, ఆమెయు రాలేదు. అప్పటినుండి ఆమె బడికి వచ్చుట మానెను. హాజరు పట్టీలో ఆమె పేరు నెదుట సున్నలు పెట్టుచు, ‘ఆడపిల్లల చదువుపై ఈ పల్లెవారికి శ్రద్ధ లేదు’ అని నాలో నేననుకొంటిని. వేపచెట్టు నా కిటికీకి నూరడుగుల దూరమున లేదు. అయినను అచటికి పోయి చూడవలెనని నాకు తోచలేదు.

శివరాత్రి దాటిన కొన్ని దినములకు ఆ పంపు పూర్తిగా మూగబోయెను. ఎంతసేపు కొట్టినను నీటిచుక్క రాలేదు. ఊరివారు ఊరి వెలుపలి వ్యవసాయపు బావికి నడవసాగిరి. ఎండలు ముదురుచుండెను. భూమిలోని నీరే అడుగంటినదని అందరును నిశ్చయించుకొనిరి. నేను పండితుడను గావున అర్జీ వ్రాయుపని నాపై బడెను. “బోరుబావి ఎండిపోయినది, క్రొత్త బోరు త్రవ్వింప ప్రార్థన” అని చక్కని దస్తూరితో వ్రాసి, అందరిచేత చేవ్రాళ్లును వ్రేలిముద్రలును వేయించి పంపితిని.

పది దినములకు ఒక మెకానిక్కు ముగ్గురు సహాయకులతో వచ్చెను. ఏబదియేండ్లవాడు, చేతులు గ్రీజుతో నల్లబారియుండెను. అతడు నా అర్జీని గూర్చి విని చిరునవ్వు నవ్వెను. పంపు తల విప్పించి, సన్నని త్రాటికి చిన్న యినుప ముక్క కట్టి బోరులోనికి విడిచి, పైకి లాగి, తడిసిన భాగమును కొలిచెను. అతని మాటలను అతని నుడికారముననే వ్రాయుచున్నాను.

“సారూ, నీళ్లు ఎండిపోయినయని ఎవరు చెప్పిన్రు? అరవై అడుగులకే నీళ్లున్నయి. మన సిలిండరు తొంభై అడుగుల కాడ మునిగే ఉన్నది. బోరు మంచిగనే ఉన్నది; లోపల వాచర్లు పోయినయి.”

పిదప చుట్టును చేరినవారిని జూచి, “ఎన్ని దినాల సంది ఎక్కువ కొట్టవలసి వచ్చింది?” అని అడిగెను. ఎవ్వరికిని తెలియదు. ‘చాల దినములైన’దని ఒకరు, ‘మొన్నటినుండి’ అని ఒకరు అనిరి. అప్పుడు గుంపు వెనుకనుండి ఒక సన్నని కంఠము వినవచ్చెను.

“సంక్రాంతి సంది, తాతా. అప్పుడు పొద్దుగాల పదిసార్లు కొడితే నీళ్లు వచ్చేటివి. తర్వాత ఇరవై అయినయి. శివరాత్రి నాటికి యాభై దాటినయి. బిందె నిండనీకి ముందుగాల నలభై పట్టేటిది. ఆఖరుకు నూరు కొట్టినా నిండలే.”

తిరిగి చూచితిని. ఖాళీ బిందె చంకనబెట్టుకొని నిలిచియున్నది ఆ బాలికయే. వేకువజామున అందరికంటె ముందుగా పంపు వద్దకు వచ్చునది ఆమె. రాత్రి క్రిందికి జారిపోయిన నీటిని మరల పైకి రప్పించు పని ప్రతిదినమును ఆ చిన్న చేతులే చేయుచుండెను. ఊరక కొట్టుటయే గాక లెక్కించుచు కొట్టుచుండెను.

మెకానిక్కు ఆమె తల నిమిరి, “బిడ్డా, బోరింగు రోగమంత నువ్వే చెప్పినవు. ఈ లెక్క నాకు అప్పుడే తెలిస్తే ఇన్ని దినాలు ఊరు ఎండకపోవు” అనెను.

ఆ మాటకు ఊరివారు మెచ్చుకొనిరి. నేను మాత్రము తల యెత్తలేకపోతిని. ఆమె నాకు చెప్పినదియు ఈ సంగతియే. ఆమె చెప్పినపుడు అది నా చెవికి సాకుగా తోచినది.

మధ్యాహ్నము వరకు వారు గొట్టములను పైకి లాగిరి. ఒక్కొక్క గొట్టము మూడు మీటర్ల పొడవు, అట్టివి తొమ్మిది. ఒకటి పైకి రాగానే దానిని పట్టుకారుతో బిగించి, మరవిప్పి, ప్రక్కన బెట్టి, రెండవదానిని లాగవలెను. పట్టు జారినచో అంతయు బావిలో పడును. చిట్టచివరకు సిలిండరు బయటపడినది. ఇత్తడి తొడుగు గల ఆ గొట్టములో క్రిందికి మీదికి ఆడు ముషలకము ఒకటి. దాని చుట్టును అంచులు పైకి తిరిగిన తోలు గిన్నెలు రెండు. వానినే వాచర్లు అందురు. అతడు వానిని విప్పి నా చేతిలో బెట్టెను. ఒకదాని అంచు కాగితమువలె పలుచబడియుండెను. రెండవదాని అంచు చీలియే పోయెను. అడుగు వాల్వు క్రింది బిళ్లయు గట్టిపడి పగిలియుండెను.

“అడుగు బిళ్ల చెడితే రాత్రి నీళ్లు కిందికి జారుతయి, పొద్దుగాల ఎక్కువ కొట్టాలె. పై వాచరు అరిగితే ఎంత కొట్టినా ధార సన్నగనే వస్తది. రెండూ చెడితే ఇట్ల ఆగిపోతది” అని అతడు చెప్పెను. బాలిక చెప్పిన రెండు లెక్కలును ఈ రెండు రోగములకు సరిగా సరిపోయెను.

పరికింపగా ఆ తోలు గిన్నె పని మిక్కిలి వింతయైనది. దానిని గొట్టమునకు బిగుతుగా అంటునట్లు చేసినచో రాపిడి హెచ్చి పిడి కదలదు. వదులుగా చేసినచో నీరు ప్రక్కలనుండి జారును. ఈ చిక్కును నీరే తీర్చుచున్నది. కడ్డీ పైకి లేచునపుడు మీది నీటి బరువు గిన్నె లోపల పడి, దాని అంచును గొట్టపు గోడకు అదుమును. అరువది అడుగుల నీటి స్తంభము ప్రతి చదరపు సెంటీమీటరుపైన రెండు కిలోలకు కొంచెము తక్కువగా భారమును మోపును. ఎంత బరువున్న అంత బిగువు. కడ్డీ క్రిందికి దిగునపుడు ఆ బరువు తొలగి, అంచు మెత్తబడి, సులువుగా జారును. సిలిండరు లోపలి వ్యాసము 63.5 మిల్లీమీటర్లు, ముషలకము కదలు దూరము 125 మిల్లీమీటర్లు. లెక్కించి చూడుడు: ఒక్క పోటునకు రమారమి నాలుగువందల మిల్లీలీటర్ల నీరు వచ్చును. పదునైదు లీటర్ల బిందె నలువది పోట్లలోపున నిండును. బాలిక చెప్పిన ‘నలభై’ ఊరక చెప్పినది కాదు.

ఈ యుపాయమునకు పాత చరిత్ర కలదు. 1795లో ఇంగ్లండునందు జోసెఫ్ బ్రామా అనునతడు నీటి ఒత్తిడిచే పనిచేయు గొప్ప యంత్రమును కనిపెట్టెను. దాని బలము అపారము; కాని ముషలకము ప్రక్కనుండి నీరు చిమ్మి బయటకు వచ్చెడిది. గట్టిగా బిగించిన కదలదు, సడలించిన నిలువదు. అతనివద్ద పనిచేయుచుండిన హెన్రీ మాడ్‌స్లే అను యువకుడు వంచిన తోలు పట్టీ నొకదానిని అమర్చెను. నీటి ఒత్తిడియే దానిని విప్పి గోడకు అదిమెను. అంతటితో ఆ యంత్రము సార్థకమయ్యెను. అల్లాదుర్గ్ ప్రాంతపు పల్లెలో నా చేతిలోనున్న గిన్నె ఆ తోలు పట్టీకి బంధువే.

నే నడిగితిని: “అన్నా, ఇంత అరిగిపోవు తోలు నేల వాడుదురు? ఇనుముతో చేయరాదా?”

“సారూ, ఏదో ఒకటి అరగాలె గదా. ఇది అరిగితే కొన్ని రూపాయలు. ఇనుము పెడితే సిలిండరు అరుగుతది. ఇది తాను అరిగి ఇత్తడిని కాపాడుతది. మనం చేయవలసిన పని ఒక్కటే, అది పూర్తిగ పోకముందే మార్చాలె” అని అతడు బదులు చెప్పెను.

క్రొత్త వాచర్లను అతడు ముందురాత్రియే నూనెలో నానవేసి తెచ్చియుండెను. ఎండు తోలు గట్టిగానుండి గోడకు అంటదట. తోలునకు నీటికి మన దేశమున నున్న చుట్టరికము క్రొత్తది కాదు. మా తాతల కాలమున మోటబావులలో ఎద్దులు లాగినది తోలు తొండములనే. తంగేడు చెక్కతో తోలును పదును చేయు విద్య దక్షిణదేశమున తరతరములుగా నున్నది. ఆ పని చేసినవారిని లోకము తగినట్లు గౌరవింపలేదు. వారు పదును చేసిన తోలు మాత్రము లోకమునకు నీరు త్రాపినది.

ప్రొద్దు వాలువేళకు గొట్టములన్నియు మరల దిగినవి. మెకానిక్కు బాలికను పిలిచి, “కొట్టు బిడ్డా, లెక్కపెట్టు” అనెను. ఆమె పిడి పట్టుకొనెను. అందరును ఊపిరి బిగబట్టి నిలిచిరి. ముప్పదియెనిమిది, ముప్పదితొమ్మిది... నలువదిమూడవ పోటునకు గొట్టములు నిండి నీరు ముక్కునుండి దుమికెను. తరువాత బిందె నిండుటకు ముప్పదియెనిమిది పోట్లు చాలినవి.

మరునాడు నేను ఆమె యింటికి పోతిని. తండ్రి కంగారుపడి నులకమంచము వాల్చెను. నేను కూర్చుండలేదు. “నీ కుమార్తె అబద్ధము చెప్పలేదు, విననివాడను నేను. ఆమెను బడికి పంపుము” అంటిని. ఆమె ఆ దినమే వచ్చినది. నన్ను నొప్పించు మాట ఒక్కటియు అనలేదు. తరగతిలో అందరి యెదుట ఆమెను వెలుపల నిలిపితిని గనుక, అందరి యెదుటనే నా తప్పు ఒప్పుకొంటిని. ఉపాధ్యాయునకు అది సులభమైన పని కాదు. కాని చేసిన పిమ్మట మనస్సు తేలికపడినది.

అప్పటినుండి ప్రతి సోమవారమును బిందె నిండుటకు ఎన్ని పోట్లు పట్టుచున్నవో లెక్కించి, ఒక పుస్తకమున వ్రాయు పనిని విద్యార్థులకు అప్పగించితిని. మొదటి లెక్కలు వ్రాసినది ఆమెయే. పోట్లు ఏబది దాటిన వారమున మెకానిక్కునకు కార్డు వ్రాసితిమి. అతడు వచ్చి, పంపు ఆగకమునుపే వాచర్లు మార్చెను. ఆ యేడు మా అర్జీలో క్రొత్త బోరు మాట లేదు.

ఇది చిన్న పల్లెలోని చిన్న సంగతి యని మీరనుకొనవచ్చును. అరిగిన బిళ్లను, దానిని గూర్చి హెచ్చరించిన మాటను లెక్కచేయకపోవుట చదువురాని పల్లెకే పరిమితమైనది కాదు. 1986 జనవరి 28వ తేదీన అమెరికాలో చాలెంజరు అను అంతరిక్ష నౌక ఎగిరినది. దానిని పైకి మోయు రాకెట్టు అతుకులలో రబ్బరు వలయములు కలవు. ఆ ఉదయము చలి మిక్కుటము. చలికి రబ్బరు బిగుసుకొని, అతుకును సకాలమున మూయజాలదని కొందరు ఇంజనీర్లు ముందురాత్రియే హెచ్చరించిరి. మునుపటి ప్రయాణములలోను ఆ వలయములు కాలిన గుర్తులు కనబడియుండెను. అయినను ప్రయాణము ఆగలేదు. ఎగిరిన 73 సెకండ్లకు నౌక ముక్కలయ్యెను. అందున్న ఏడుగురును మరణించిరి. తరువాత జరిగిన విచారణలో రిచర్డు ఫైన్‌మన్ అను శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను మంచునీటి గ్లాసులో ముంచి, అది చలికి తన సాగుగుణమును ఎట్లు కోల్పోవునో అందరికిని చూపెను. ఈ వృత్తాంతమును చదివినప్పుడెల్ల నాకు గుమ్మము వద్ద తల వంచుకొని నిలిచిన ఆ బాలిక గుర్తునకు వచ్చును. అచట లేని జ్ఞానమేదియు లేదు, వినువారు లేకపోయిరి.

పంపు కథ అంతటితో ఆగలేదు. వాచరు మార్చుటకు గొట్టములన్నిటిని లాగవలసి వచ్చుటయే పెద్ద కష్టమని ఇంజనీర్లు గ్రహించిరి. మార్క్ 3 అను తరువాతి పంపులో గొట్టమును వెడల్పు చేసిరి. గొట్టములు కదలకుండగనే ముషలకము బయటకు వచ్చును. తోలునకు మారుగా గట్టి రబ్బరు వాచర్లు వచ్చినవి. చెడిపోని యంత్రమును ఎవరును చేయలేరు. సులభముగా బాగుచేయదగిన యంత్రమును చేయవచ్చును.

నేడు కాలము మారినది. 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు సమీపమున కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభింపబడిన పిమ్మట మా పల్లెలకును నల్లాలు వచ్చినవి. వేకువజామున పిడి కొట్టు పని ఆడపిల్లలకు తప్పినది. కాని నల్లాలోను ఒక వాచరు కలదు. అది అరిగి సెకనుకొక చుక్క కారినను, ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరనుకొన్నచో, దినమునకు నాలుగు లీటర్లకు పైగా నీరు మట్టిపాలగును. మీ ఇంటి కుక్కరులో గాస్కెట్టు గట్టిపడిన ఆవిరి ప్రక్కలనుండి పోయి ఈల రాదు. అమ్మ ‘ఈ కుక్కరు పాడైన’దనును. పాడైనది కుక్కరు కాదు, గాస్కెట్టు మాత్రమే. అది మీ కంటబడినచో చెప్పుడు, మార్చుట నేర్చుకొనుడు.

ఆ చీలిన వాచరును నేను మెకానిక్కు నడిగి ఉంచుకొంటిని. ఇప్పటికిని నా బల్ల సొరుగులో నున్నది. ఎండి, మడత పడి, ఏ పనికిని రాని తోలు ముక్క. దానిని తెచ్చుకొన్న దినము తరువాత, తరగతికి ఆలస్యముగా వచ్చిన ఏ విద్యార్థినైనను నేను ముందు లోపలికి పిలిచి కూర్చుండబెట్టితిని. కారణము పిమ్మట అడిగితిని. అడిగినపుడు, చెప్పినది పూర్తిగా వింటిని.